పోతా కాదు, వస్తా

కాస్త ఆగండి, మాట్లాడకుండా వినండి, అలివేలు హెడ్‌సెట్ తుడుస్తోంది. చెన్నై పురసవాక్కంలో బట్టలకొట్టు పైన, రెండో అంతస్తులో, దిగులులో కూరుకుపోయిన పిల్లల కోసం డాక్టర్ రాగిణి నడిపే చిన్న సెంటర్. అక్కడ అటెండర్ అలివేలు. యాభై ఎనిమిదేళ్ళు, వాచిన మోకాళ్ళు, స్పిరిట్‌కి పాలిపోయిన వేళ్ళు. ఆ హెడ్‌సెట్ కళ్ళకి పెట్టుకుంటే స్కూలు వరండా కనిపిస్తుంది, క్లాసు, పిల్లలు, ఒక ఖాళీ బెంచీ. నిజం స్కూలుకి పోలేని పిల్లలు అందులో ఒక్కో అడుగూ వేసి చూసుకుంటారు. భయమేస్తే రాగిణి కంప్యూటర్లో జనాన్ని తగ్గించేస్తుంది. కానీ హెడ్‌సెట్ పెట్టుకున్నాక గది కనపడదు కదా, గోడకి గుద్దుకోకుండా పక్కనే నడిచేది అలివేలు. చెయ్యి వెయ్యదు. రెండు నిమిషాలకోసారి మెల్లగా, "ఈడనే ఉండా" అంటుంది, అంతే. అంతకుముందు ఇరవై ఏళ్ళు కాన్పుల ఆస్పత్రిలో ఆయా. అక్కడా ఇదే మాట.

ఆ గురువారం పదకొండింటికి సంయుక్త వాళ్ళమ్మతో వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల, వరంగల్ నించి వచ్చి ఏడాది, స్కూలు మానేసి మూడు నెలలు. నాలుగుసార్లు వచ్చినా ఒక్క మాట మాట్లాడలేదు. ఈసారి హెడ్‌సెట్‌లో క్లాసు గుమ్మం దాటింది, బెంచీ మీద కూర్చుంది! రాగిణి మొహం వెలిగిపోయింది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర సంయుక్త మొదటిసారి నోరు విప్పింది.

"పోతున్న ఆంటీ."

అలివేలు తలుపుకి అడ్డంగా నిలబడింది. అలివేలు వాళ్ళ చూలై పేటలో గడప దాటేవాళ్ళెవరూ ఆ మాట అనరు, అంటే వెనక్కి పిలిచి దిద్దిస్తారు.

"పోతాననగూడదు కణ్ణు. వస్తానని చెప్పు."

వాళ్ళమ్మ నవ్వేసి, తమ దిక్కు అందరూ అట్లనే అంటరంది. యాసే, పోనివ్వమంది రాగిణి. నిజమే, యాసే, అలివేలు పొరబడింది. అయినా కదల్లేదు.

"వస్త అని ఎట్ల చెప్పాలె?" అంది సంయుక్త నేల చూస్తూ. "మల్ల వారం ఉంటనో లేదో నాకే తెల్వది."

వాళ్ళమ్మ నవ్వు ఆగిపోయింది. రాగిణి తలుపు మూసి ఇద్దర్నీ కూర్చోబెట్టింది. రెండున్నర దాకా ఆ పిల్ల చెప్తూనే ఉంది, వాళ్ళమ్మ వింటూనే ఉంది. ఇంట్లో ఎవరు తోడుండాలి, భయమేస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ కాగితం మీద రాసుకున్నారు. టీలు తెచ్చిచ్చిన అలివేలు మళ్ళీ హెడ్‌సెట్ తుడవడానికి వెళ్ళిపోయింది. తానేదో చేశానని ఆవిడకి తట్టనే లేదు. ఇంటికి బయల్దేరుతూ సంయుక్త ఆమె దగ్గరికే వచ్చి, "గురువారం వస్త" అంది.

ఆదివారం భోంచేసి నడుం వాల్చిన అలివేలు మళ్ళీ లేవలేదు. గుండె.

గురువారం పదకొండింటికి సంయుక్త వచ్చింది. అలివేలాంటీ ఏదని అడిగింది. రాగిణి చేతిలో, అలివేలు సొరుగులో దొరికిన చిన్న కాగితం పొట్లం ఉంది. లోపల మెత్తటి నీలం గుడ్డ పట్టీ, హెడ్‌సెట్ బెల్టులో జుట్టు చిక్కుకోకుండా కట్టుకోడానికి. పైన వంకర అక్షరాలతో 'సంయుక్త, గురువారం'. మీరైతే ముందు సంగతి చెప్తారా, ముందు ఆ పొట్లం చేతికిస్తారా?