ఏమీ జరగలేదు కదా

ఆ ఇంట్లో పెద్దకోడలికి ‘జాగ్రత్తమ్మ’ అని పేరు పెట్టింది ఆమె మరిది, చిన్నకోడలి మొగుడు. ఎవరైనా బయటికి బయల్దేరితే చాలు, గొడుగు, మందులు, తాళంచెవి అన్నీ గుర్తుచేసేది. పొయ్యి కట్టేశానో లేదో అని సగం దారి నుంచి వెనక్కి వచ్చే మనిషి. ఆ పేరుకు పైకి చిరాకుపడేది గానీ లోపల మురిసిపోయేది. ఉద్యోగాలకు వెళ్లే తల్లులు పిల్లల్ని వదిలివెళ్లే కేంద్రంలో ఆమె పని. అక్కడ మరీ చిన్నపిల్లల గదికి ఆమే పెద్ద.

చిన్నకోడలి తీరు వేరు. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుట్టేది. చేతిలో కత్తెర, చెవికీ భుజానికీ మధ్య ఫోను, నోట్లో గుండుసూదులు, ఒళ్లో అప్పుడప్పుడే నడక వచ్చిన పాప.

“ఆ సూదులు తీసి మాట్లాడవే తల్లీ, మింగేస్తావు” అని పెద్దకోడలు మొత్తుకుంటే, “మింగితే లోపల చిరుగులేమన్నా ఉంటే కుట్టేస్తాయిలే అక్కా” అని నవ్వేది.

ఒక ఉదయం బట్టల కోసం ఎవరో తలుపు తట్టారు. చిన్నకోడలు వేడివేడి ఇస్త్రీపెట్టెను బల్ల మీదే వదిలి వెళ్లింది. పాప తీగ పట్టుకుని లాగింది. పెట్టె కింద పడింది, పాప అరచెయ్యి దానికి అంటుకుంది.

ఆసుపత్రి నుంచి కట్టుతో తిరిగొచ్చారు. వేళ్లకు ఢోకా లేదనీ, మచ్చ మాత్రం ఉండిపోతుందనీ డాక్టరు చెప్పాడట. చిన్నకోడలు పాపను భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. అత్తగారు గానీ, మొగుడు గానీ ఇంకా నోరు విప్పనే లేదు. ముందుగా లేచింది పెద్దకోడలి గొంతే.

“అసలు నువ్వు తల్లివేనా? ఎన్నిసార్లు చెప్పాను నీకు! పసిబిడ్డ మీద నుంచి చూపు తిప్పుకునేదానికి బిడ్డెందుకే?”

అత్తగారు వచ్చి పాపను అందుకుంది. “కొన్నాళ్లు దీన్ని నేనూ పెద్దదీ చూసుకుంటాం. నువ్వు నీ మిషన్ చూసుకో.”

కిందటి నెల సంగతి పెద్దకోడలికి బాగా గుర్తుంది.

ఆ మధ్యాహ్నం కేంద్రంలో పిల్లలంతా పడుకున్నారు. గోడకు చేరగిలబడిన ఆమెకూ కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి ఒక పిల్ల పక్క ఖాళీగా ఉంది. వీధి గేటు బార్లా తెరిచి ఉంది. గడియ వేయాల్సింది తనే. పరుగున బయటికి వెళ్తే, రోడ్డుకు అవతల పండ్లబండి మనిషి పిల్లను చంకనెత్తుకుని నిలబడ్డాడు. “మీ పిల్లేనా అమ్మా? లారీకి ఎదురు వెళ్లిపోయింది. వాడెవడో పుణ్యాత్ముడు, సమయానికి బ్రేకు వేశాడు” అన్నాడు. ఆమె పిల్లను తీసుకొచ్చి, మట్టి కాళ్లు కడిగి, మళ్లీ పడుకోబెట్టింది. సాయంత్రం తల్లి వచ్చి అడిగితే “ఈరోజు బాగా పడుకుందండీ” అని చెప్పింది. ఏమీ జరగలేదు కదా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

పాప చెయ్యి కాలిన నాటి నుంచి చిన్నకోడలు పాపను ముట్టుకోవడం మానేసింది. పాప చేతులు చాపితే వెనక్కి జరిగేది. “నా దగ్గరికొద్దమ్మా, పెద్దమ్మ దగ్గరికెళ్లు” అనేది. నోట్లో సూదులు లేవు, ఫోను లేదు, నవ్వు లేదు. తలవంచుకుని కుట్టుకుంటూ పోయేది. అత్తగారు మాత్రం వచ్చినవాళ్లందరి ముందూ “మా పెద్దది ఉండబట్టి సరిపోయింది” అని చెప్పుకునేది. అది విన్నప్పుడల్లా పెద్దకోడలికి నేల చీలి తనను మింగేస్తే బాగుండుననిపించేది.

ఒక సెలవురోజు అందరూ భోజనానికి కూర్చున్నారు. పాప తల్లి కొంగు పట్టుకుని అన్నం కోసం నోరు తెరిచింది. చిన్నకోడలు చెయ్యి వెనక్కి లాక్కుంది.

“పెద్దదానా, నువ్వు పెట్టవే. నీ చేతిలో అయితే భయం లేదు” అంది అత్తగారు.

పెద్దకోడలు ముద్ద కలపబోయి ఆగిపోయింది. కంచం పక్కకు జరిపి, కునుకు, గేటు, లారీ అన్నీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

“దానికీ దీనికీ పోలికేంటే? ఆ పిల్లకి ఏమీ కాలేదు కదా!” అంది అత్తగారు.

“కాలేదు అత్తయ్యా. అందులో నా గొప్పేముంది? లారీవాడు బ్రేకు వేశాడు. ఇస్త్రీపెట్టెకి బ్రేకు లేదు. తను ఒక్క నిమిషం తలుపు దగ్గరికెళ్లింది. నేను జీతం తీసుకుని నిద్రపోయాను.”



“ఎప్పుడు జరిగిందక్కా ఇది?” అంది చిన్నకోడలు.

“కిందటి నెల.”

“అంటే నన్ను ఆ మాట అన్నప్పుడు నీకు గుర్తుంది.”

“ఉంది. గుర్తుంది కాబట్టే అంత గట్టిగా అరిచాను. నిన్ను తిడుతున్నంతసేపూ నా తప్పు నాది కానట్టే అనిపించింది.”

“ఆ పిల్ల వాళ్లమ్మకి చెప్పావా?” అంది చిన్నకోడలు.

“లేదు.”

“మరి నాకెందుకు చెప్తున్నావు? ముందు ఆవిడకి చెప్పాలి కదా!”



మర్నాడు సాయంత్రం పెద్దకోడలు, పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన తల్లిని కేంద్రం గేటు దగ్గర ఆపి చెప్పింది. ఆమె కేకలేస్తుందనుకుంది. కేకలేస్తే కాస్త తేలికయ్యేదేమో. ఆమె గభాలున పిల్లను ఎత్తుకుని, దెబ్బలేమైనా ఉన్నాయా అన్నట్టు కాళ్లూ చేతులూ తడిమి చూసుకుంది.

“ఇన్నాళ్లూ రోజూ మీకు థాంక్స్ చెప్పి వెళ్తున్నానండీ” అంది. అంతే.

ఆ పిల్ల మళ్లీ రాలేదు. సంగతి తెలిసి, కేంద్రం నడిపే పెద్దావిడ పెద్దకోడలిని పిల్లల గది నుంచి తప్పించి, గిన్నెలు కడిగే, దుప్పట్లు ఉతికే పనికి మార్చింది. పెద్దకోడలు ఎదురుచెప్పలేదు. తోటివాళ్లు తనను చూసి మాటలు ఆపేస్తుంటే చెవులు భగ్గుమనేవి. తల దించుకుని దుప్పట్లు పిండేది.

ఆ తల్లికి చెప్పిన సాయంత్రమే ఇంటికొచ్చి చిన్నకోడలితో “చెప్పాను” అంది. చిన్నకోడలు తల ఊపింది. మంచి పని చేశావని మాత్రం అనలేదు.

పాప చేతికి కట్టు మార్చే వేళయింది. అత్తగారు అలవాటుగా పెద్దకోడలిని పిలవబోయింది.

“నేను మారుస్తాను” అని చిన్నకోడలు మిషన్ దగ్గర నుంచి లేచింది.

అత్తగారు ఏదో అనబోయి, పాపను ఆమె ఒళ్లో పెట్టింది. పాత గుడ్డ ఊడదీస్తుంటే పాప గుక్కపట్టింది. పెద్దకోడలు ఉండబట్టలేక దూది అందించబోయింది.

“వద్దక్కా. నేను చూసుకుంటా.”

కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు. పెద్దకోడలు దూది అక్కడే పెట్టేసి వరండాలోకి వెళ్లింది. లోపల పాప ఏడుపు తగ్గుతోంది. “అయిపోయింది బంగారూ, అయిపోయింది” అంటున్న తల్లి గొంతు ఏడుస్తూనే ఉంది. ఆ గదిలోకి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక, పెద్దకోడలు బయటే నిలబడిపోయింది.