మా డబ్బు మా ఖాతాలోకి

నగర కార్యాలయం రెండో అంతస్తులో సర్కారు సాయం పంచే కిటికీకీ, వరండా చివర నెగిషి వేసుకున్న మడత బల్లకీ మధ్య దూరం పదకొండు అడుగులు. నెలకోసారి ఆ పదకొండు అడుగులు నడిచినంతసేపే ఆ డబ్బు మనుషులది. ఆ తర్వాత నెగిషిది.

ఫిబ్రవరి చెల్లింపు రోజు. వరసలో ముప్పై ఒక్క మంది నిలబడ్డారు. అందరూ నెగిషి నడిపే రెండో వసతిగృహం వాళ్లే. పని పోయి, ఇల్లు పోయి, నడుములు విరిగి ఆ ప్లైవుడ్ గదుల్లో చేరినవాళ్లు. పొద్దున్నే వ్యాన్లలో కుక్కి తీసుకొచ్చి ఇక్కడ దించుతారు. డబ్బున్న కవరు అందుకోవాలంటే రసీదు మీద, జపాన్‌లో అందరూ చేసేట్టే, సంతకానికి బదులు ఎవరి పేరు చెక్కిన ముద్ర వాళ్లు వెయ్యాలి. ముద్రలన్నీ నెగిషి దగ్గర, బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. చేరిన రోజే "భద్రం కోసం" అని పట్టుకుపోయాడు. బ్యాంకు పాసుపుస్తకాలూ అంతే. కిటికీ దగ్గర ముద్ర చేతికిస్తారు, వెయ్యగానే లాక్కుంటారు.

ఆ రోజు కుమగాయి కవరు వదల్లేదు. ముప్పై ఏళ్లు పెద్ద పెద్ద భవనాలకు పరంజాలు కట్టి, ఒకనాడు నాలుగో అంతస్తు నుంచి పడి, ఇప్పుడు వంగి నడిచే మనిషి.

"నెగిషి-సాన్, నడుముకి పట్టీ కొనుక్కోవాలి. ఈ నెల అద్దె నేనే లెక్కచూసి ఇస్తాను."

నెగిషి కోప్పడలేదు. నవ్వాడు. "అలాగే చూసుకో. దాంతోపాటు నీ పరుపు కూడా వీపున వేసుకుని పో. బయట మంచు బాగా పడుతోంది, మెత్తగా ఉంటుంది."

నెగిషి పక్కనున్న అతని మనిషి కుమగాయి వేళ్లు ఒక్కొక్కటే విప్పి కవరు లాగేశాడు. కిటికీ లోపల గుమాస్తాలు తలలు వంచుకుని కీబోర్డులు కొడుతున్నారు. సాయం విభాగం అధికారి సొనొబె టీ కప్పుతో అటుగా వచ్చాడు, చూశాడు, గోడ గడియారం వైపు తల తిప్పుకుని వెళ్లిపోయాడు.

కుమగాయి వెనకే చిహరు ఉంది. ఇరవై మూడేళ్లు. చంకలో నాలుగేళ్ల కూతురు కొనొమి. తన కవరు తనే తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. పెట్టినందుకు సిగ్గేసింది. సిగ్గుకన్నా భయమే ఎక్కువేసింది.

ఆ భయానికి తేదీ ఉంది. పిల్లల సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చినావిడ గది చూసి, పక్క గదుల సిగరెట్ పొగ పీల్చి, కొనొమి దగ్గు విని, మెత్తగా చెప్పింది: "మార్చి నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోకపోతే పాపను కొన్నాళ్లు మా సంరక్షణలో ఉంచాల్సి వస్తుందమ్మా." ఆ కొన్నాళ్లు అంటే ఎన్నాళ్లో చిహరు అడగలేకపోయింది. ఇల్లు మాత్రం దొరికింది. లాండ్రీ కొట్టు పైన ఒక గది, తూర్పున కిటికీ. ముసలి యజమానురాలు ఒక్కటే మాటంది: "ఏప్రిల్ నుంచి సాయం డబ్బు నీ ఖాతాలో పడుతుందని ఆఫీసువాళ్లు ముద్రేసిన కాగితం చూపించు. తాళంచెవి ఇస్తాను. ఆ వసతి మనిషి చేతిమీదుగా వచ్చే డబ్బు నాకొద్దు."

కాగితమంటే చిహరుకు అరచేతులు చెమర్చేవి. హైస్కూలు రెండో ఏడు మధ్యలో మానేసి కోళ్ల ఫ్యాక్టరీలో చేరిన పిల్ల. అయినా వెళ్లింది. డబ్బు నేరుగా ఖాతాలో వెయ్యమని అడిగే దరఖాస్తు తీసుకుంది.

"పాసుపుస్తకం కాపీ కావాలి," అంది కిటికీ గుమాస్తా.

"అది వసతిలో ఉందండీ. ఇవ్వరు."

"అయితే బ్యాంకులో అడగండి."

బ్యాంకులో అమ్మాయి అంతకన్నా మర్యాదగా మాట్లాడింది. "కొత్త పుస్తకానికి మీ ముద్ర ఉండాలండీ."

"అది కూడా వసతిలోనే ఉంది."

"అయితే వసతివారిని అడగండి."

ఇద్దరూ తలో దిక్కు చూపించారు. ఇద్దరూ తలలు వంచి నమస్కారాలు పెట్టారు. ముక్కు చీదే పిల్లను ఎత్తుకుని మంచులో మూడుసార్లు తిరిగింది చిహరు. నాలుగోసారి దారిలో, ఏ వస్తువైనా వంద యెన్లకే అమ్మే కొట్టు కనిపించింది. అక్కడ గిర్రున తిరిగే స్టాండులో ఇంటిపేర్లు చెక్కిన ముద్రలు వరసగా వేలాడుతున్నాయి. తిప్పగా తిప్పగా 'సెకినె' దొరికింది. తన ఇంటిపేరే! కొనేసింది. దొరికిన సంతోషంలో పాపకొక బన్ను కూడా కొంది.

బ్యాంకులో ఆ ముద్ర వేసింది. ఆ అమ్మాయి భూతద్దం తీసింది. బ్యాంకు దగ్గరున్న పాత ముద్ర అచ్చు పక్కన కొత్తది పెట్టి చాలాసేపు చూసింది. "ఇది వేరే ముద్రండీ," అంది. లోపలికెళ్లి, ఖాతా వివరాల్లో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది.

ఆ నంబరు వసతిగృహానిది.

*

సాయంత్రం భోజనాల గదిలో అందర్నీ కూర్చోబెట్టాడు నెగిషి. చిహరుని నిలబెట్టాడు.

"మనలో ఒకరు బ్యాంకులో దొంగ ముద్ర వేశారు. మన వసతికి చెడ్డపేరు. ఇక నుంచి స్నానం వారానికి ఒక్కసారే. హీటర్లు ఏడింటికి ఆపేస్తాం. కృతజ్ఞతలు సెకినె-సాన్‌కి చెప్పుకోండి." తలుపు దాకా వెళ్లి ఆగాడు. "పిల్లల ఆఫీసు ఫోన్ నంబరు నా దగ్గర కూడా ఉందమ్మా."

అతను వెళ్లగానే గది భగ్గుమంది, చిహరు మీద.

"నీ ఒక్కదాని కోసం మా స్నానం పోయింది!"

"పిల్ల ఉన్నది మూల కూర్చోవాలి గానీ, ఈ తెలివితేటలెందుకు?"

"ఎముకలు కొరికే చలి, హీటర్ లేకుండా ఎలా పడుకునేది? నీ దుప్పటి ఇస్తావా?"

చిహరు తలొంచుకుంది. కొనొమి ఆమె కాలు పట్టుకుని ఏడుపు మొదలెట్టింది. గది చివర్నుంచి హత్సుయె అవ్వ లేచింది. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో జీవితమంతా నిలబడి పనిచేసిన డెబ్బై ఏళ్ల మనిషి. ఆరేళ్లుగా ఆ వసతిలో ఉంటున్నా ఆమె గొంతు పెద్దగా విన్నవాళ్లు లేరు.

"దొంగ ముద్రంటారేంట్రా? పేరు దీనిది. ఖాతా దీనిది. డబ్బు దీనిది. మరి దొంగెవడు?"

అవ్వ వచ్చి చిహరు పక్కన నిలబడింది.

"మీ స్నానం ఈ పిల్ల ఆపిందా? కుళాయి దీని చేతిలో ఉందా? తిట్టాల్సినోడు ఎదురుగా ఉన్నప్పుడు మూతులు కుట్టుకున్నారు. పిల్లతల్లి దొరికేసరికి అందరికీ నోళ్లొచ్చాయి."

"అవ్వా, మాట్లాడటం తేలికే," అన్నాడొకడు. "ముద్ర వాడి డబ్బాలో ఉంది. ముద్ర లేకపోతే ఆఫీసుకి మనం మనుషులమే కాదు."

అప్పుడు కుమగాయి గొంతు సవరించుకున్నాడు. "ఒకసారి వంతెన పనిలో నా కోటు ఏట్లో పడింది. పుస్తకం, ముద్ర అన్నీ అందులోనే. 'పోయాయి' అని రాసిచ్చి, ఆఫీసు నుంచి ఒక ధ్రువపత్రం చూపిస్తే బ్యాంకోళ్లు కొత్త పుస్తకం ఇచ్చారు."

"మనవి పోలేదుగా. ఎక్కడున్నాయో తెలుసుగా," అంది చిహరు.

"నీ చెయ్యి అందని చోట ఉన్నది పోయినట్టే కదే, పిచ్చిపిల్లా!" అంది అవ్వ.

ఆ మాటతో గదిలో గాలి మారింది.

మర్నాటి నుంచి మీటింగులు బట్టలుతికే గదిలో. మూడు మెషీన్లూ ఒకేసారి తిప్పితే బయటికి మాట వినపడదు. సాయం పొందుతున్నట్టు ధ్రువపత్రం అడిగితే ఆఫీసు ఇవ్వక తప్పదు. డబ్బు ఖాతాలో వెయ్యమని అడిగే దరఖాస్తు కాగితం చిహరు తెచ్చింది. కూడబలుక్కుంటూ అందరి ముందూ చదివింది. కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం దగ్గర ఆగింది. మళ్లీ చదివింది.

"ముద్ర లేనివారు బొటనవేలి గుర్తు వెయ్యవచ్చు."

అందరికీ ఊపిరాడినట్టయింది. మరుక్షణమే మొహాలు ముడుచుకున్నాయి.

"బొటనవేలా? అది పోలీసు స్టేషన్లో నేరం ఒప్పుకున్నోడు వేసేది," అన్నాడు కుమగాయి. "నేనొకసారి వేశాను. సారా కొట్టులో గొడవ. ఇంకెప్పుడూ వెయ్యనని ఒట్టేసుకున్నా."

"మా అమ్మ చూస్తే చచ్చిపోతుంది," అన్నాడు ఇంకొకడు.

"మీ అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది కదయ్యా!"

"మళ్లీ పోతుంది."

మెషీన్ల చప్పుడు మించి నవ్వారు. నవ్వు సద్దుమణిగాక చిహరు తనలో తనే అనుకుంటున్నట్టు అంది: "పోలీసులు వేలు ఎందుకు అడుగుతారు? అది ఇంకెవరిదీ కాదనేగా. ముద్రనైతే డబ్బాలో పెట్టి పట్టుకుపోయారు. దీన్నెలా పట్టుకుపోతారు?"

హత్సుయె అవ్వ ఆ పిల్ల వైపు కొత్తగా చూసింది.

ఆసుపత్రికని చెప్పి ఇద్దరిద్దరుగా వెళ్లారు. ఆఫీసులో ధ్రువపత్రం, బ్యాంకులో కొత్త పుస్తకం. కొందరికి రెండుసార్లు, కొందరికి నాలుగుసార్లు తిరిగితేగానీ పని కాలేదు. ఒకాయన తన ఖాతా ఏ బ్యాంకులో ఉందో మర్చిపోతే, ముగ్గురు కలిసి బజారంతా వెతికారు. ఎనిమిది మంది మాత్రం "మాకెందుకొచ్చిన గొడవ" అని తప్పుకున్నారు. మార్చి చెల్లింపు రోజుకి ఇరవై మూడు దరఖాస్తులు సిద్ధమయ్యాయి. ఆ రోజు సాయంత్రం ఐదుంపావులోగా ఆఫీసు తీసుకున్నవాటికే ఏప్రిల్ డబ్బు ఖాతాలో పడుతుంది. లేకపోతే మే. చిహరుకు మే లేదు.

*

మధ్యాహ్నం దాటాక వాళ్ల వంతొచ్చింది. నెగిషి మనిషి బిస్కెట్ల డబ్బా మూత తీశాడు. హత్సుయె అవ్వ దాని వైపు చూడకుండా నేరుగా కిటికీ దగ్గరికెళ్లి సిరా అడిగింది. రసీదు మీద బొటనవేలు నొక్కింది. కవరు అందుకుంది. బల్ల వైపు వెళ్లలేదు. అక్కడే, కిటికీ ముందు నేల మీద కూర్చుంది.

రెండో మనిషి కుమగాయి. వేలు ముంచే ముందు ఒక్క క్షణం ఆగాడు. "ఈసారి నేరం ఒప్పుకోవడానికి కాదు," అని నొక్కాడు. నడుము పట్టుకుని మూలుగుతూ అవ్వ పక్కన కూలబడ్డాడు.

మూడు, నాలుగు, పది. వరండా నిండిపోయింది.

"అద్దె!" నెగిషి అరిచాడు.

"ఇస్తాం," అంది అవ్వ. "గదికెంత, తిండికెంత, ఆ మురిగిన దుప్పటికెంత, రాసి రసీదివ్వు. మా చేత్తో మేం ఇస్తాం."

"ఈ రాత్రి ఎవ్వరికీ తలుపు తియ్యను!"

"ముప్పై ఒక్క మందిని వీధిలో పడుకోబెట్టి పేపరోళ్లని పిలుస్తావా? పిలువు, మేమూ చూస్తాం!" అన్నారెవరో వెనక నుంచి. గోడకానుకుని నిలబడ్డ ఎనిమిది మందిలో ఇద్దరు, దరఖాస్తులు లేకపోయినా వచ్చి కూర్చున్నారు.

సొనొబె బయటికొచ్చాడు. ఇవాళ చేతిలో కప్పు లేదు. చిహరు ఇరవై మూడు కాగితాల కట్ట కౌంటరు మీద పెట్టింది. అతను పైపైన తిప్పాడు.

"ముద్రలు లేవు."

"వేళ్లున్నాయండీ. మీ కాగితంలోనే రాసుంది." ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించింది.

"ఇన్ని ఒకేసారి కుదరదు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. డబ్బు సరిగ్గా వాడుకోగలరో లేదో చూడాలి. వచ్చే నెల రండి."

"పోయిన నెల నా వేళ్లు విప్పి కవరు లాక్కున్నప్పుడు, వాడు సరిగ్గా వాడుకుంటాడో లేదో చూశారా సారూ?" అడిగాడు కుమగాయి. "మీరు గడియారం చూశారు."

సొనొబె మెడ ఎర్రబడింది. ఎవరో మొదలెట్టారు, "మా డబ్బు మా ఖాతాలోకి!" ముందు ఇద్దరి గొంతులు, ఆ తర్వాత అందరివీ. అలవాటు లేని గొంతులు, ఒకటి ముందు, ఒకటి వెనక. కింది అంతస్తు నుంచి జనం మెట్లెక్కి చూస్తున్నారు. కాపలావాళ్లు వచ్చారు. నాలుగున్నర అయింది. ఐదయింది. నెగిషి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడాడు, ఆ ఫోన్ సొనొబెకి ఇచ్చాడు. సొనొబె రెండుసార్లు "అలాగే" అన్నాడు.

తర్వాత కట్టలోంచి ఒక్క కాగితం వెతికి తీశాడు.

"సెకినె-సాన్." గొంతు మెత్తబడింది. "మీకు పాపుంది. మీ పరిస్థితి వేరు. మీది ఇప్పుడే తీసుకుంటాను. కాపీ మీద తేదీ ముద్ర వేసిస్తాను. పాపను తీసుకుని వెళ్లండి. మిగతావాళ్ల సంగతి పోలీసులు వచ్చి చూసుకుంటారు."

తేదీ ముద్ర అతని చేతిలోనే ఉంది. ఇంకో జానెడు దిగితే చాలు. లాండ్రీ కొట్టు పైన గది, తూర్పు కిటికీ, పొగలేని గాలి, పక్కన కొనొమి. అన్నీ ఆ జానెడు దూరంలోనే ఉన్నాయి.

"తీసుకో పిల్లా," అన్నాడు కుమగాయి. "నిన్ను ఎవ్వరూ ఏమీ అనరు."

నిజమే, ఎవ్వరూ అనరు. అది చిహరుకి తెలుసు. అందరూ నేల వైపు చూస్తున్నారు, ఆమెకు సిగ్గు కలక్కుండా. ఒక్క నెగిషి మాత్రం నవ్వుతున్నాడు. పొద్దున్నుంచీ ఇదే మొదటి నవ్వు.

ఆ నవ్వు చూసింది చిహరు. ఒక్కదాన్ని బయటికి పంపితే మిగతా ఇరవై రెండూ చెత్తబుట్టలోకే. రేపు తన ఖాతాలో డబ్బు పడ్డా, ఆ గదిలో పిల్లను పక్కన పడుకోబెట్టుకుని కళ్లు మూసుకోగలదా? అయినా ఆ నవ్వేవాడు ఊరుకుంటాడా? పిల్లల ఆఫీసు నంబరు వాడి దగ్గర ఉండనే ఉంది. ఒంటరిగా ఉన్నవాళ్ల మీదే ఆ నంబరు పనిచేస్తుంది.

చిహరు సొనొబె చేతి కిందున్న తన దరఖాస్తు లాక్కుంది. కట్టనంతా ఎత్తి, తనది అన్నిటికన్నా అడుగున పెట్టింది. అంచులు సరిచేసి, కట్టను అతని ముందుకు జరిపింది.

గడియారంలో ఐదూ పది. గడువుకి ఇంకా ఐదు నిమిషాలు. కింద పోలీసు బండి ఆగిన చప్పుడు వినపడింది. ఒక్కరూ లేవలేదు. హత్సుయె అవ్వ కొనొమిని ఒళ్లోకి తీసుకుంది.

"నాది చివర్న ఉందండీ," అంది చిహరు. "పైనుంచి మొదలుపెట్టండి."