గడప కింద గొంతు

పొద్దున్నే టీ తాగి టాటానగర్ బాగ్‌బేరాలో రైలు పట్టాల వెనకున్న సైటుకి రావడం, లోహాన్ని పసిగట్టే మెషిన్ భుజాన తగిలించుకుని మట్టి మీద ఊపుకుంటూ నడవడం, ఇదీ తోమాస్ ఉద్యోగం. పాత ఇళ్లు కూల్చిన చోట కొత్త బిల్డింగు లేవకముందే నేలలో మిగిలిన వెండీ బంగారం ఏరి బిల్డర్ హరిప్రసాద్ చేతిలో పెట్టాలి.

ఊళ్లోని మిగతా మెషిన్లలాగే తోమాస్ మెషిన్ కూడా కీచుమనదు, మాట్లాడుతుంది. కిందున్న వస్తువుని ఆఖరుసారి ఎవరి చెయ్యి వదిలిందో వాళ్ల గొంతుతో, వదిలేటప్పుడు వాళ్లన్న మాటే అంటుంది. అగ్రికోలో పాత క్వార్టర్లు పడగొట్టినప్పుడు ఒక ముక్కుపుడక ఒడియాలో లబలబలాడింది. ఒక వెండి గ్లాసైతే ఎవరో పిల్లాడి గొంతుతో "నేను తియ్యలేదు" అని ఏడ్చింది. అందులో ఎవరికీ వింతేమీ కనపడలేదు. హరిప్రసాద్‌కి మాత్రం ఒక ఇబ్బంది కనపడింది. గొంతు బయటికి వినిపిస్తే సొంతదారు గుర్తుపట్టి వచ్చేస్తాడు. అందుకని తోమాస్‌కి హెడ్‌ఫోన్లు కొనిచ్చాడు. ఒకరి సొమ్ము నొక్కెయ్యడానికి ఎన్ని హంగులో చూడండి!

సైటు గేటు దగ్గర సువర్ణకుమారి కూర్చుని ఉంది. వర్షాకాలంలో ఆవిడ గంజి వార్చుకుంటుండగా బుల్‌డోజర్ వచ్చి ఇల్లు నేలమట్టం చేసింది. అన్నం గిన్నె మాత్రం దక్కింది. ఆ రోజు నుంచీ అన్నయ్య వరండాలో పడుకుని, తెల్లారగానే ఇక్కడికి వచ్చేస్తోంది.

"తోమాసూ, ఆపీసరు ఈయేళ వత్తాడంట కదా?" అంది.

"మద్దేనం వత్తాడు పిన్నీ."

"వత్తే నాను సెప్పుకుంతాను. ఇక్కడ బతికినోల్లకి కొత్త బిల్డింగులో గది ఇవ్వాలంట. నాకియ్యరేటి మరి?"

ఎందుకిస్తారు! ఇక్కడ మనుషులే లేరనీ, తుప్పలు తప్ప ఏమీ లేవనీ హరిప్రసాద్ పైవాళ్లకి చెప్పేశాడు. ఇటుకలు లారీల్లో ఎత్తించేసి, పునాదుల మీద మట్టి పరిపించి చదును చేయించాడు. అధికారి వచ్చి, ఒక చుట్టు చుట్టి, నిజమే, ఖాళీయే అన్నాడంటే సువర్ణకుమారి జన్మంతా అన్నయ్య వరండాలోనే. ఆ సంగతి తోమాస్‌కి తెలుసు. తెలిసీ తల వంచుకుని లోపలికి నడిచాడు.

అంతటితో ఊరుకుని ఉంటే హరిప్రసాద్ పని సాఫీగా అయిపోయేది. ఊరుకోనిస్తుందా ఆశ!

"తోమాస్, ఇవి మన తెలుగువాళ్ల ఇళ్లు కదా," అన్నాడు గొంతు తగ్గించి. "ద్వారబంధం నిలబెట్టేటప్పుడు గడప కింద వెండో బంగారమో ఏదో ఒకటి వేస్తారు. హిందువులు పూజ చేసి వేస్తారు, మీవాళ్లు ప్రార్థన చేసి వేస్తారు. సాబ్ వచ్చేలోగా గడపలున్న చోట్లన్నీ వెతికెయ్."

ఇంకో భాష బిల్డరైతే ఆ ఊహే వచ్చేది కాదేమో. మనవాడు కాబట్టే మన గడపలు తెలిశాయి. తోమాస్‌కి ఒళ్లు మండిపోయింది. అయినా హెడ్‌ఫోన్లు తగిలించుకుని మెషిన్ పళ్లెం మట్టికి ఆనించాడు. నాలుగడుగులు వేశాడో లేదో, ఒక పడుచు గొంతు ప్రార్థన మొదలుపెట్టింది. అందులో వినిపించిన పేరుకి అతని కాళ్లు ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే గేటు ముందు జీపు ఆగింది. మధ్యాహ్నం రావలసిన అధికారి ముందుగానే దిగాడు. హరిప్రసాద్ నవ్వులు పులుముకుని ఎదురెళ్లాడు.

"దేఖియే సాబ్, పూరా ఖాలీ హై. ఎవ్వరూ లేరు, ఎప్పుడూ లేరు."

"నా ఇల్లుంది సాబ్! వహాఁ థా, అక్కడే!" గేటు దగ్గర నుంచి అరిచింది సువర్ణకుమారి.

"రోజూ ఇదే గోల సాబ్. పిచ్చిది."

పిచ్చిది! ఆ మాట తోమాస్ నెత్తి మీద కొట్టినట్టు తగిలింది. ఇన్నాళ్లూ ఎందరి గొంతులనో తన చెవుల్లోనే నొక్కేసుకున్నాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. హెడ్‌ఫోన్ల వైరు పట్టుకుని ఒక్క లాగు లాగి, పళ్లెం మళ్లీ అక్కడే ఆనించాడు.

"ప్రభువా," అంది మెషిన్, సైటంతా వినపడేలా. "నీ కూతురు సువర్ణకుమారి ఈ గడప నీ పేరు మీద నిలబెడతన్నాది. ఎవులూ దీన్ని కదపకుండా కాపాడు నాయనా. ఆమెన్."

"ఆమెన్," అంది గేటు దగ్గర సువర్ణకుమారి, తనకు తెలియకుండానే.

"ఏదో రేడియోలో భజన సాబ్," అన్నాడు హరిప్రసాద్.

కానీ మెషిన్ ఇంకా ఆపలేదు. "మిస్త్రీ భయ్యా, అబ్ బంద్ కర్ దీజియే. కల్ సే హమ్ యహీఁ రహేంగే." మేస్త్రీ అన్నా, ఇక మూసెయ్యండి, రేపట్నుంచి మేం ఇక్కడే ఉంటాం అన్న మాట. దాన్ని అధికారికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. పైగా గేటు దగ్గర నుంచి అదే మాట, అదే యాసలో, బొంగురుపోయిన గొంతుతో మెషిన్‌తో పాటే వినిపిస్తోంది. సువర్ణకుమారి చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

నేల చెప్పిందాన్ని కాదనేవాడు ఈ ఊళ్లో లేడు. అధికారి మెషిన్ దాకా నడిచొచ్చి, వెంటవచ్చిన హరిప్రసాద్ వైపు తిరిగాడు.

"ఖాళీ స్థలంలో గడప ఎవరు పెట్టారు?" అని హిందీలో అడిగాడు. "ఈవిడ గది ఎక్కడో తేలేదాకా ఇక్కడ ఒక్క ఇటుక పెట్టడానికి వీల్లేదు. ఇంకా ఎన్ని ఇళ్లున్నాయి ఇక్కడ?"

"ఇదొక్కటే సాబ్," అన్నాడు హరిప్రసాద్. తోమాస్ మీద పళ్లు నూరుతూ, "నీ ఉద్యోగం ఊడింది. ఆ మెషిన్ అక్కడ పెట్టి పో," అన్నాడు.

"అలాగే పెడతాను సార్."

తోమాస్ మెషిన్‌ని తీసుకెళ్లి హరిప్రసాద్ కాళ్ల దగ్గరే పెట్టాడు. అది పక్కింటి జోగమ్మ వాకిలి. ఇల్లు పోయాక ఆ ముసలావిడ టాటానగర్ స్టేషన్ బయట గోనె పరుచుకుని బతుకుతోంది.

"ఏరా, సెప్పులతో తొక్కుతావేటి?" అని, ఆనాడు మేస్త్రీని కసిరిన మాటతోనే గయ్యిమంది జోగమ్మ గొంతు. "ఇది జోగమ్మ గడపరా, దిగు!"

హరిప్రసాద్ గబుక్కున దిగాడు.