వదలని పట్టు

పాదరసానికి భయమెక్కువ. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, అతనికీ అతని మేనమామకీ. మిగిలినవాళ్ళంతా దాన్ని నైపుణ్యం అనుకునేవారు.

యాభై కిలోల ఎనిమిది వందల గ్రాముల లోపు బాక్సర్లలో అతన్ని తాకడం ఎవరి తరమూ కాదని, అందుకే పాదరసం అని పేరు. ఆడిన ఇరవై ఆరు పోటీలూ గెలిచాడు. పడగొట్టి గెలిచినవి మాత్రం నాలుగే. ఎదుటివాడి పిడికిలి ముక్కు దాకా వచ్చేది కానీ ముక్కుకు తగిలేది కాదు. తల వెంట్రుకవాసి పక్కకు జరిగేది, ఆ సందులోంచి ఎడమచెయ్యి వెళ్ళి టక్కున తాకి తిరిగొచ్చేది. పత్రికలవాళ్ళు దాన్ని లెక్కల మాస్టారి ఆట అన్నారు, ఇంకేదో అన్నారు. అసలు సంగతి, దెబ్బంటే అతనికి పై ప్రాణాలు పైనే పోతాయి. పదకొండేళ్ళప్పుడు మావయ్య నడిపే బాక్సింగు హాల్లో మొదటిరోజే ఎవడో ముక్కు మీద ఒకటిస్తే, బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాడు. మావయ్య పగలు లేతు మిషను మీద పనిచేసేవాడు, సాయంత్రాలు పిల్లలకు బాక్సింగు నేర్పేవాడు. నూనె మరకల చొక్కాతోనే తలుపు బయట చతికిలబడి, "భయపడితే తప్పేం లేదురా. ఎంత దూరం నుంచి భయపడాలో నేను నేర్పుతా, బయటికి రా" అన్నాడు.

నేర్పాడు కూడా. లేతు మీద ఇనుము చెక్కినట్టు, పదిహేనేళ్ళు కూర్చుని మేనల్లుణ్ణి చెక్కాడు.

ఇబ్బందల్లా జనంతోనే. రెండో రౌండు దాటేసరికి ఈలలు, నాలుగు దాటేసరికి ఆవులింతలు, ఆరు దాటేసరికి "జారుడుబండా, దిగు!" అని కేకలు. పోటీ అయ్యాక గెలిచినవాడి చెయ్యి పైకెత్తేటప్పటికి సగం కుర్చీలు ఖాళీ.

ఆ బరువులో చాంపియన్ పేరు టపాకాయ. అతనికి తప్పించుకోవడం రాదు, రావాలని కూడా అనుకోలేదు. మూడు తిని నాలుగు పెట్టే రకం. పడేవాడు, లేచేవాడు, లేచి అవతలివాణ్ణి పడగొట్టేవాడు. అతని పోటీకి టికెట్లు గంటలో అయిపోయేవి. అతనితో పాదరసానికి పోటీ కుదిరినప్పుడు ప్రమోటరు స్వయంగా బాక్సింగు హాలుకు వచ్చి, పాదరసం భుజం మీద చెయ్యి వేశాడు.

"చూడు బాబూ. నువ్వు గెలిచినా చూసేవాడు లేకపోతే ఏం లాభం? నిలబడి కొట్టుకో. ఓడిపోయినా సరే, మళ్ళీ పిలుస్తా. పన్నెండు రౌండ్లూ జనం చేత ఆవులింతలు తీయించావో, ఇక పెద్ద హాలు మొహం చూడవు."

"వాడి ఆట వాడిది సార్" అని మావయ్యే జవాబిచ్చాడు.

పోటీకి ముందురోజు పొద్దున తూకం. తూకానికి ముందు డాక్టరు పరీక్ష. డాక్టరు గది బయట పొడుగాటి బల్ల మీద పాదరసం కూర్చుంటే, పక్కనే వచ్చి టపాకాయ కూర్చున్నాడు. రింగులో పులిలా ఉండేవాడు దగ్గరికొస్తే నెమ్మదస్తుడు, నవ్వు మొహం.

"ఎంతసేపు పట్టింది ప్రయాణం?" అనడిగాడు.

"ఆరు గంటలు."

"బస్సా?"

"రైలు."

"రైలే నయం. కాళ్ళు చాపుకోవచ్చు" అని తలూపాడు టపాకాయ.

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. లోపల ఎవరో దగ్గుతున్నారు. రెండు నిమిషాలు గడిచాయో లేదో, టపాకాయ మళ్ళీ ఇటు తిరిగి, అదే నవ్వుతో, "ఎంతసేపు పట్టింది ప్రయాణం?" అన్నాడు.

వేళాకోళమేమో అని పాదరసం అతని మొహంలోకి చూశాడు. వేళాకోళం కాదు. "ఆరు గంటలు" అన్నాడు మెల్లగా.

"బస్సా?"

అవతల నిలబడ్డ టపాకాయ వాళ్ళన్నయ్య గబగబా దగ్గరికి వచ్చాడు. పోటీల్లో రింగు మూలన ఉండి తమ్ముణ్ణి చూసుకునేది అతనే. "తూకం కోసం రెండ్రోజుల నుంచి మంచినీళ్ళు ముట్టలేదండీ. బుర్ర ఎండిపోయింది" అని నవ్వి, తమ్ముడి చొక్కా గుండీలు తనే విప్పడం మొదలుపెట్టాడు. ఆ గుండీల మీద టపాకాయ వేళ్ళు అప్పటికే రెండుసార్లు జారిపోవడం పాదరసం చూశాడు.

మావయ్యతో చెప్పాడు. మావయ్య డాక్టరుతో చెప్పాడు. డాక్టరు కాగితం తిరగేసి, "మూడు నెలల క్రితం తీసిన తల స్కానింగు ఉంది, శుభ్రంగా ఉంది" అన్నాడు. తర్వాత కళ్ళజోడు పైనుంచి పాదరసాన్ని చూసి, "ఏం, భయమేస్తోందా?" అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

వేస్తోంది. పుట్టి బుద్ధెరిగాక అంత భయం వేయలేదు. ఇన్నాళ్ళూ తనకేమవుతుందోనన్న భయమే ఎరుగును. ఇది వేరే భయం, దీనికి ఎటు తప్పుకోవాలో మావయ్య నేర్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి పోటీ. డ్రెస్సింగు రూములో మావయ్య అతని చేతులకు గుడ్డ పట్టీలు చుడుతున్నాడు.

"మావయ్యా, నా దెబ్బకి వాడికేమన్నా అయితే?"

"నీ దెబ్బకా? నీ దెబ్బకి దోమ చచ్చిన దాఖలా లేదురా."

పాదరసం నవ్వలేదు. మావయ్య చుట్టడం ఆపాడు.

"ఆడనంటావా చెప్పు. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తా."

"నేను ఆడకపోతే ఇంకొకణ్ణి తెస్తారు. వాడు నిలబడి తల మీద కొడతాడు."

మావయ్య మళ్ళీ పట్టీ చుట్టడం మొదలుపెట్టాడు. "అయితే తల జోలికి పోకు. పొట్ట మీద, పక్కటెముకల మీద ఆడు. పన్నెండు రౌండ్లూ తిరుగుతూనే ఉండు. తిట్టుకునేవాళ్ళు తిట్టుకుంటారు."

అలాగే ఆడాడు. ఎనిమిది రౌండ్లు టపాకాయ గాలిని గుద్దాడు. పాదరసం వచ్చి పొట్ట మీద ఒకటి తాకించి, ఆ చెయ్యి వెనక్కి తీసుకునేలోపే మాయమయ్యేవాడు. అన్ని రౌండ్లూ అతనివే. హాలంతా ఈలలు. ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి వచ్చి తాళ్ళకు తగిలింది. ముందు వరసలో ప్రమోటరు చేతులు కట్టుకుని, రింగుకేసి కాకుండా గడియారంకేసి చూస్తున్నాడు. పాదరసం మాత్రం టపాకాయ కళ్ళనే చూస్తున్నాడు. మామూలుగా అతను చూసేది భుజాలను, ఎందుకంటే గుద్దు ఎటొస్తుందో చెప్పేది భుజమే.

ఆ తేడాయే కొంప ముంచింది. తొమ్మిదో రౌండులో భుజం కదిలింది, అతను చూడలేదు. కుడిచెయ్యి వచ్చి దవడ కింద పడింది. మరుక్షణం పైనున్న దీపాలు కింద ఉన్నాయి.

జీవితంలో మొదటిసారి పడ్డాడు. చెవుల్లో హోరు. రిఫరీ వేళ్ళు లెక్కపెడుతున్నాయి. ఎనిమిదికి లేచాడు, కానీ కాళ్ళు తనవి కావు. పదిహేనేళ్ళుగా దేనికి భయపడ్డాడో అది జరిగేసింది. భయం తగ్గుతుందనుకుంటారేమో, తగ్గలేదు. ఒంట్లో రక్తమంతా భయమే అయింది.

పదో రౌండులో ఆ భయమే అతని చేత పని చేయించింది. టపాకాయ మీదికొస్తుంటే వెనక్కి జరగాల్సినవాడు జరగలేదు. కొట్టాడు. తల మీదే, కుడి, ఎడమ, మళ్ళీ కుడి. టపాకాయ తిరిగి కొట్టాడు. ఇద్దరూ అరనిమిషం పాటు కాళ్ళు కదపకుండా ఒకరినొకరు బాదుకున్నారు. జనం కుర్చీలెక్కారు. హాలు కప్పు ఎగిరిపోయేలా అరుపులు. తన కోసం అలా అరవగా పాదరసం ఎప్పుడూ వినలేదు. ఆ అరుపు తియ్యగా ఉంది. తియ్యగా ఉందని తెలిసిన క్షణంలో చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

గంట కొట్టారు. టపాకాయ తన మూలకు వెళ్ళలేదు. పాదరసం వెనకాలే వచ్చి, పాదరసానికి వేసిన స్టూలు మీద కూర్చోబోయాడు. జనం పగలబడి నవ్వారు. మావయ్య అతని భుజాలు పట్టుకుని అటు తిప్పి పంపాడు, పంపుతూ రిఫరీతో, "చూశారా? డాక్టర్ని పిలవండి" అన్నాడు.

"నీ కుర్రాడు పడ్డాడని నాటకాలా? అతను దెబ్బలాడుతూనే ఉన్నాడుగా" అన్నాడు రిఫరీ.

పదకొండో రౌండు మొదలైంది. టపాకాయ చేతులు నడుము దగ్గరే వేలాడేసుకుని వచ్చాడు. జనం అది ధైర్యం అనుకున్నారు. పాదరసం కొట్టలేదు. ముందుకెళ్ళి రెండు చేతులూ చుట్టి పట్టుకున్నాడు. టపాకాయ గడ్డం అతని భుజం మీద వాలింది. చెవి దగ్గర మాట వినిపించింది, నిద్రలో మాట్లాడినట్టు.

"అన్నా... ఎన్నో రౌండు?"

పాదరసం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"దీపాలు ఆర్పన్నా. కళ్ళు మండుతున్నాయి."

"వదులు!" అన్నాడు రిఫరీ.

వదిలితే ఈ మనిషి వెనక్కి పడతాడు. చేతులు ఆనించుకునే ధ్యాస కూడా లేదు, తల నేలకు కొట్టుకుంటుంది. ఆ బరువు మొత్తం తన భుజం మీదే ఉందని పాదరసానికి తెలుస్తోంది. కావాలంటే మోకాలి మీద కూర్చుని ఓటమి ఒప్పుకోవచ్చు, ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ కూర్చోవాలంటే ముందు వదలాలి.

"డాక్టర్!" అని అరిచాడు. పళ్ళ మధ్య రబ్బరు తొడుగు ఉండడంతో అది మాటలా రాలేదు, మూలుగులా వచ్చింది.

రిఫరీ ఒక పాయింటు తీసేశాడు. పాదరసం వదల్లేదు. ఇంకో పాయింటు పోయింది. జనం బూతులు మొదలుపెట్టారు. సీసాలు వచ్చి పడుతున్నాయి. రిఫరీ ఇద్దరి మధ్యా చెయ్యి దూర్చి లాగుతుంటే, పాదరసం కళ్ళు గట్టిగా మూసుకుని, మునిగిపోయేవాడు దుంగను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఎవరు ఎవర్ని పట్టుకుని ఉన్నారో చూసేవాళ్ళకు తెలిసే వీలు లేదు.

అప్పుడు మావయ్య తాళ్ళ మధ్య నుంచి దూరి రింగులోకి వచ్చేశాడు. ఆట నడుస్తుండగా మూలలోని మనిషి రింగులో కాలు పెడితే ఆ వైపువాడు ఓడినట్టే. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు అతను చెప్పే మొదటి నియమం అదే. వచ్చి, టపాకాయ వీపు వెనక చేరి, మెడ కింద ఒక చెయ్యి, నడుము కింద ఒక చెయ్యి పెట్టి, "ఇప్పుడు వదులు నాన్నా, నేను పట్టుకున్నా" అన్నాడు.

పాదరసం వదిలాడు. ఇద్దరూ కలిసి అతన్ని మెల్లగా పడుకోబెట్టారు. రిఫరీ చేతులు పైకెత్తి ఊపాడు. పాదరసం అనర్హుడు, టపాకాయ గెలిచాడు. మైకులో ఆ మాట చెప్పేశారు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడే పెద్ద తెర మీద టపాకాయ మొహం దగ్గరగా కనిపించింది. ఒక కంటిపాప చిన్నది, రెండోది నల్లగా, పెద్దగా విచ్చుకుపోయింది. చప్పట్లు ఒక్కొక్క వరసే ఆగిపోయాయి.

ఆసుపత్రి వరండాలో పాదరసం చేతుల పట్టీలు కూడా విప్పుకోకుండా కూర్చున్నాడు. తలలో రక్తం గడ్డకట్టిందని, తీస్తున్నామని చెప్పారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాడు. పదో రౌండులో తను కొట్టిన దెబ్బలు లెక్కపెట్టుకున్నాడు. తల మీద తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. తొమ్మిదే.

టపాకాయ అన్న వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడేమో అనిపించింది. తల తప్పించాలని కూడా అనిపించలేదు. అతను కొట్టలేదు, పక్కన కూలబడ్డాడు.

"నెల రోజుల నుంచి తలనొప్పి అంటూనే ఉన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేనూ నోరు మూసుకున్నా" అన్నాడు నేలకేసి చూస్తూ. "రింగులో నిన్ను 'అన్నా' అన్నాడటగా, మీ మావయ్య చెప్పాడు."

"అన్నాడు."

"ఏమన్నాడు?"

పాదరసం చెప్పాడు. అన్న మోచేతిలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఇంకో రెండు గంటలకు డాక్టరు బయటికొచ్చి, "బతుకుతాడు. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం" అన్నాడు. ఆ మాట విన్నాకే పాదరసానికి వణుకు మొదలైంది. మావయ్య తన చొక్కా విప్పి కప్పినా ఆగలేదు.

నియమం తప్పినందుకు మావయ్యను ఆరు నెలలు రింగు దగ్గరికి రానివ్వలేదు. ప్రమోటరు నాలుగో రోజునే ఫోను చేశాడు. "పదో రౌండు, ఆ అరనిమిషం! జనం వెర్రెత్తిపోతున్నారు బాబూ. అది ఉంది నీలో, నేను ముందే చెప్పాను కదా. అలా ఆడతానంటే ఇంకో పోటీ పెడతా."

"అలా ఆడను సార్" అన్నాడు పాదరసం. ఈసారి జవాబు మావయ్య ఇవ్వలేదు.

రెండు నెలల తర్వాత టపాకాయను చూడటానికి వెళ్ళాడు. గుండు మీద కుట్ల గీత, చేతిలో కర్ర, మాట కొంచెం నెమ్మది. అతను మళ్ళీ రింగెక్కే ప్రసక్తి లేదని డాక్టర్లు తేల్చేశారు. పాదరసాన్ని చూడగానే మొహం ముడుచుకున్నాడు.

"అందరూ నువ్వు నన్ను కాపాడావంటున్నారు. నాకేమీ గుర్తులేదు. ఎవడో పట్టుకుని వదలకపోవడం మాత్రం గుర్తుంది. ఒళ్ళు మండిపోయింది."

"మండే ఉంటుంది."

"నీ ఆట నాకు నచ్చదు, నిజం చెబుతున్నా. అదొక ఆటా?"

"మా మావయ్యకి తప్ప ఎవరికీ నచ్చదు."

టపాకాయ నవ్వాడు. ఫోను తీసి పదో రౌండు పెట్టాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. చిన్న తెరలో చిన్న చిన్న మనుషులు ఒకరినొకరు బాదుకుంటున్నారు, జనం అరుస్తున్నారు. టపాకాయ కళ్ళు మెరిశాయి. "ఇదీ ఆటంటే!" అని తొడ మీద చరుచుకున్నాడు, ఎడమచేత్తో, కుడిది ఇంకా సరిగా లేవడం లేదు కాబట్టి.

తొమ్మిదో దెబ్బ పడకముందే పాదరసం తల పక్కకు తిప్పుకున్నాడు.