మేత వేశావా?

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి గాలి ఊసే లేదు. సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా పడి ఉంది. కోడలు చెక్కబాట మీదుగా చేపల పంజరం దగ్గరికి వచ్చేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పంజరమంటే చట్రానికి తాళ్లతో కట్టి సముద్రంలోకి దింపిన పెద్ద వల. అందులో ఆరు వేల చేపలు. ఎనిమిది నెలలుగా కళ్లలో వత్తులేసుకుని పెంచింది. ఇంకో పది రోజుల్లో పట్టి అమ్మాలి.

"అబ్బ, ఏం ఆకలే మీకు!" అని ముచ్చటపడి రెండు బస్తాల మేత కుమ్మరించింది.

మొదటి బస్తా అలవాటుకొద్దీ మింగాయి. రెండోది మూతుల పక్కనుంచే మునిగిపోతున్నా ఒక్కటీ ముట్టలేదు. అప్పుడు వెలిగింది ఆవిడకు. అవి పైకొచ్చింది తిండికి కాదు, ఊపిరికి.

పరుగున మీటరు తెచ్చి నీళ్లలోకి దింపింది. ప్రాణవాయువు ఐదుకు పైన ఉండాలి. మూడు చూపించింది. వల నిండా నాచు పట్టి నీరు ఆడటం లేదు. పోయిన వారమే మార్చాల్సిన వల అది. పది రోజులే కదా అని వాయిదా వేసిన మహాతల్లి తనే. "ముందు మీటరు, తర్వాతే మేత" అని పనివాళ్ల చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరిందీ తనే.

మామగారు ముప్పై ఏళ్లు సొంత పడవ మీద వేటాడిన మనిషి. "చేపల్ని కూర్చోబెట్టి మేపడమేంటి, అవేమైనా అల్లుళ్లా?" అని మొదట్లో నవ్వేవాడు. సముద్రంలో చేప తగ్గిపోతోంది, రేపటి తిండి ఇదేనని చెప్పి చెప్పి, చివరికి ఆయన చేత పడవ అమ్మించి మరీ ఈ పంజరాలు పెట్టించింది.

కబురందుకుని ఆయన వచ్చాడు. నీళ్లకేసి చూశాడు.

"పక్క పంజరం ఖాళీయే కదా. రెండు వలలూ కలిపి కుట్టి, ఇటు వల పైకి లాగుతూ చేపల్ని అటు తోలేద్దాం. మేత వేశావా అమ్మాయ్? కడుపు నిండిన చేపను ఈ నీళ్లలో తోలితే చచ్చిపోతుంది."

"లేదు మావయ్యా."

నోట్లోంచి ఎలా వచ్చిందో ఆ మాట! ఆయన వల కుట్టే సూది తీశాడు. ఒక్కో ముడి పడుతుంటే ఆవిడ ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే దారం అందించింది. కుట్టు పూర్తయింది. ఆయన లేచి, వల లాగడానికి నలుగురు పనివాళ్లనూ కేకేశాడు.

"ఆగండి మావయ్యా! వేశాను. రెండు బస్తాలు వేశాను."

పనివాళ్లు తాళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆవిడ తల ఎత్తలేకపోయింది. తిడితే బాగుండుననిపించింది.

ఆయన తిట్టలేదు. మొలలోంచి కత్తి తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఇప్పుడు తోలినా చస్తాయి, ఇక్కడే ఉంచినా చస్తాయి. సముద్రం వైపు తాళ్లు కొయ్యి. వల జారిపోతే వాటంతట అవే బయటపడతాయి. అవైనా బతుకుతాయి."

"మీరే కొయ్యండి మావయ్యా."

"వలలో పడ్డ చేపను వదలడానికి నా చెయ్యి రాదమ్మా."

ఆవిడ ఏడుస్తూనే కోసింది. వల ఒక పక్క జారింది. కాసేపు ఏమీ కదల్లేదు. తర్వాత చేపలు గుంపులు గుంపులుగా చట్రం దాటి లోతుకు దిగిపోయాయి.

మామగారు అటు చూడలేదు. చెక్కబాట మీద కూలబడి మోకాళ్లు తడుముకుంటున్నాడు.

"ఎవరి పడవలోనైనా కూలికి పెట్టుకుంటారేమో," అన్నాడు, "పొద్దున్నే వెళ్లి అడుగుతాను."