పాతది తెచ్చారా?

నాంచారయ్య బ్యాటరీ కొనడానికి ఏలూరు బయల్దేరితే కొల్లేరు కూడా వెంట వస్తుంది. చీలమండ లోతున, ఆటోలకు అడ్డం రాకుండా, రోడ్డు వారగా నడుస్తుంది.

"దాన్నెందుకు రమ్మన్నావురా?" అంటాడు తోడుగా వస్తున్న అన్న వీర్రాఘవులు.

"నేను పిలవలేదన్నయ్యా. నీకోసం వచ్చుంటది."

వాళ్ల పడవలో పడ్డ చేపకు మూడు పాళ్లు. వల వేసేవాడికొకటి, గడ వేసి పడవ నడిపేవాడికొకటి, పడవకొకటి. ఊహ తెలిసినప్పటి నుంచీ గడ వేసేది అన్నే. ఇప్పుడు పడవ వెనక బ్యాటరీతో తిరిగే కరెంటు మోటారు బిగించారు. మోటారుంటే గడ అక్కర్లేదు, గడ లేకపోతే ఆ పాలూ అక్కర్లేదు. ఈ సంగతి నాంచారయ్య అన్నకు చెప్పలేదు. తన భుజం నొప్పి చూడలేకే తమ్ముడు మోటారు పెట్టించాడని ఆ మహానుభావుడు ఊరంతా చెప్పుకుని మురిసిపోతున్నాడు. అది విన్నప్పుడల్లా నాంచారయ్యకు సిగ్గుతో చెవులు కాలుతాయి.

కొట్లో బ్యాటరీలు బల్లల మీద కూర్చుని ఉంటాయి. మనిషి లోపలికి రాగానే మర్యాదగా లేచి నిలబడతాయి. నాంచారయ్య బాగా మెరుస్తున్న ట్రాక్టరు బ్యాటరీ మీద చెయ్యి వేస్తాడు.

"అది వద్దండి" అంటాడు కొట్టాయన. "ఇంజను లేపడానికి ఒక్క తన్ను తన్ని పడుకుంటది. నడి కొల్లేట్లో ఒదిలేస్తది. మీకు నిదానంగా, పొద్దస్తమానం లాగేది కావాల."

"నిజవేరా" అంటాడు వీర్రాఘవులు. "లాగేవోడికి తొందరుండకూడదు."

ఆ మాటకు కొట్టాయన అతన్ని ఎగాదిగా చూసి, మీటరు తీగలు రెండూ తెచ్చి రెండు భుజాలకు తగిలిస్తాడు. ముల్లు కాస్త లేచి పడిపోతుంది.

"మంచి సరుకేనండి. లోపల పలకలు అరిగిపోయాయంతే. పాతది తెచ్చారా అని అడగబోతన్నా, తెచ్చే వచ్చారు. ధరలో తగ్గిస్తా."

ఈయన మా అన్నండీ అనాలి. ఒక్క మాట. నాంచారయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడతాడు.

వీర్రాఘవులు తమ్ముడి మొహం చూస్తాడు. అంతా అర్థమవుతుంది. కోప్పడడు. కోప్పడినా బాగుండేది. గోడ వారన పాత బ్యాటరీల వరస ఉంది. వాటిని కాస్త జరగమని, మధ్యలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు.

"కొత్తదానికి నీళ్లు పోస్తా ఉండాలిరా. మర్చిపోకు" అంటాడు.

బ్యాటరీ నెత్తిన పెట్టుకుని వస్తుంటే నాంచారయ్య వెనక నీళ్ల చప్పుడు లేదు. కొల్లేరు కొట్లోనే ఆగిపోయింది, అన్న పాదాల చుట్టూ.

ఊళ్లో నీళ్లు లేక పడవ బురద మీద ఉంది. తీగలు కలిపితే మోటారు మెత్తగా తిరుగుతుంది. పడవ కదలదు, ఊరు కదులుతుంది. పాకలు, చేపల బుట్టలు, ఆరేసిన వలలు గట్టు వదిలి ఏలూరు వైపు సాగుతాయి. భార్య తిరపతమ్మ అన్నం కంచంతో అరుగు మీద నిలబడి, అతన్ని దాటిపోతూ అడుగుతుంది.

"బావగారేరి?"

నాంచారయ్య తీగలు పీకేస్తాడు. మోటారు ఆగదు. పొద్దస్తమానం లాగేదే ఎంచుకున్నాడు మరి.

ఊరు కనుమరుగవుతుంటే, వెనకాలే వెళ్దామని వెదురుగడ అందుకుంటాడు. గడను అన్న చేతులు రెండూ ఇంకా పట్టుకునే ఉన్నాయి. నాంచారయ్య వేళ్లు తగలగానే అవి కాస్త పక్కకు జరిగి, చోటిస్తాయి.