పిట్ట ముట్టని విస్తరి

ఐలయ్య పోయిన మూడో రోజు ఉదయం తొమ్మిదిన్నరకు, శేరిలింగంపల్లిలో అతను కౌలు చేసిన పాలకూర మడి గట్టు మీద విస్తరి వేశారు. అన్నం, కోడికూర, రెండు గారెలు, ముంతలో కల్లు, ఒక బీడీ. పెట్టినవాళ్లు ఇరవై అడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డారు. పిట్ట వచ్చి ముడితే పోయినవాడు తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో పెట్టుకున్నట్టు.

పదిన్నరైంది. పిట్ట రాలేదు.

ఐలయ్య కూతురు కృష్ణప్రియ తల్లి వెనక నిలబడి, అరచేతుల చెమట చున్నీకి తుడుచుకుంటోంది. మడికి అవతల రోడ్డు. రోడ్డుకు అవతల ఆమె ఆఫీసు బిల్డింగు. ఆమె సీటు పదకొండో అంతస్తులో, కిటికీ పక్కన.

"బావకు ఈ కల్లు నచ్చలేదక్కా," అన్నాడు మేనమామ ఓదెలు.

"సగం నువ్వే తాగి పెడితివి. అందుకే అలిగిండు," అంది పక్క మడి నీలమ్మ.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఐలయ్య భార్య చంద్రమ్మ నవ్వలేదు.

పదకొండుకు ఒక కాకి వచ్చి మోటారు షెడ్డు రేకుల మీద వాలింది. అందరూ మాటలు ఆపారు. కాకి విస్తరి వైపు చూసి, అక్కడే కూర్చుంది.

"మాట ఇయ్యుండ్రి," అన్నాడు ఓదెలు.

అది పద్ధతి. పోయినవాడి మనసులో ఏం మిగిలిందో ఊహించి, ఒక్కొక్కరు గట్టిగా చెప్పాలి. అతనిది అదే అయితే పిట్ట దిగుతుంది.

కృష్ణప్రియ తమ్ముడు నితీష్ ముందుకొచ్చాడు. "నాయినా, అమ్మను నేను సూస్కుంట. ఫికర్ చెయ్యకు."

కాకి కదల్లేదు.

"నీ కొత్తిమీరకు నీళ్లు నేను పెడత ఐలయ్యా," అంది నీలమ్మ. "నీ వంతు నాడు నా మడికి పారించినవ్. యాదున్నది."

ఆ మడి చేసిన పద్దెనిమిదేళ్లలో ఐలయ్య నీళ్ల వంతు కోసం ఎవరితోనూ గొంతెత్తలేదు. తెల్లారకముందే ఆకుకూర కోసి, కట్టలు కట్టి, హఫీజ్‌పేట్‌లో అమ్మి, పిల్లలు బడికి బయలుదేరే వేళకు ఇంట్లో ఉండేవాడు. కూతురి జడ తనే అల్లేవాడు. కట్టలు కట్టే చెయ్యి కాబట్టి, సాయంత్రమైనా ఆ జడ వదులయ్యేది కాదు.

కాకి ముక్కు రేకులకు రుద్దుకుంది.

ఏం మిగిలిందో కృష్ణప్రియకు తెలుసు.

రోజూ మధ్యాహ్నం సద్ది విప్పేముందు ఐలయ్య ఫోన్ చేసేవాడు. "బిడ్డా, కిటికీ కాడికి రా." ఆమె వచ్చేది. అతను మడిలో నిలబడి తువ్వాల ఊపేవాడు. "కనబడ్డనా?" "కనబడ్డవ్ నాయినా." అంతే, పెట్టేసేవాడు.

సోమవారం పన్నెండు పదికి ఫోన్ వచ్చింది. ఆమె మీటింగ్‌లో ఉంది. పన్నెండు పదకొండుకు మళ్లీ వచ్చింది. పన్నెండు పద్నాలుగుకు మళ్లీ వచ్చింది. ఆమె ఫోన్ బోర్లా పెట్టింది. ఒంటిగంటకు కిటికీ దగ్గరికి వెళ్తే, అతను గట్టుకు ఆనుకొని కూర్చున్నాడు. తల వాలి ఉంది. కునుకు తీస్తున్నాడనుకుంది. లేపడమెందుకని ఫోన్ చేయలేదు. రెండింటికి చూసింది. అలాగే ఉన్నాడు.

మూడింటికి నీలమ్మ వెళ్లి కదిపింది. మూడున్నరకు దవాఖానలో, గుండె ఆగి రెండు గంటలైందన్నారు. కృష్ణప్రియ మూడు రోజులుగా అదే లెక్క వేసుకుంటోంది. ఒంటిగంటకు బతికే ఉన్నాడు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు చెప్పు బిడ్డా," అన్నాడు ఓదెలు. "నువ్వంటే పానం గద బావకు."

చెబితే తల్లి వింటుంది. చెప్పకపోతే కాకి దిగదు. కృష్ణప్రియ నాలుగడుగులు ముందుకు వేసింది.

"నాయినా, నువ్వు మూడుసార్లు ఫోన్ చేసినవ్. నేను ఎత్తలే. నువ్వు కూసున్నది పైనుంచి చూసిన. నిద్రవోయినవనుకున్న. దిగి రాలే."

వెనక్కి తిరిగే ధైర్యం ఆమెకు లేదు. తల్లి కాళ్ల కడియాల చప్పుడు దగ్గరికొచ్చింది. కొడుతుందనుకుని కళ్లు మూసుకుంది.

చంద్రమ్మ బొడ్లో నుంచి ఐలయ్య ఫోన్ తీసింది.

"ఫోన్లు జేసింది నాకెరుకే. ఆ దినమే సూసిన. ఎవ్వలకు దొర్కకుండ దోపుకున్న."

"చెప్పలేదేందమ్మా?"

"చెప్తె నువ్వేమైతవోనని బుగులు."

"దిగింది," అన్నాడు ఓదెలు, గుసగుసగా. "అక్కా, దిగింది."

కాకి విస్తరి అంచున నిలబడి కోడిముక్క లాగుతోంది. నీలమ్మ దండం పెట్టింది. కృష్ణప్రియ చూడలేదు. ఆమె రోడ్డు అవతల బిల్డింగు అంతస్తులు లెక్కపెడుతోంది. పదకొండు దగ్గర ఆగింది. అద్దంలో మబ్బులూ ఒక క్రేనూ ఉన్నాయి. లోపల మనిషి జాడ లేదు.

"అమ్మా, ఇక్కడినుంచి చూస్తే నేను కనబడతనా?"

"ఎన్నడు కనబడలే. బిడ్డ ఆడ ఉన్నది, సూస్తది అనుకుంట ఊపుతుండె."

చంద్రమ్మ ఫోన్ మళ్లీ బొడ్లో దోపుకుంది.

"దినాలైనంక డ్యూటీకి పోతవు గద. పన్నెండింటికి ఇక్కడినుంచి నేను జేస్త. ఎత్తు."

కృష్ణప్రియ తన ఫోన్ తీసి, రింగు సౌండు పూర్తిగా పెంచింది.